ఎడారి నగరమున జమ్మినీడ

మన పల్లెలలో ఇంటికి ముంగిలి యుండును. ముంగిలి దాటిన వీధి, వీధి చివర రావిచెట్టు, దానిక్రింద రచ్చబండ. పిల్లలు ఆడుకొనుటకు వేరొకచోటు వెదకవలె నన్న తలపే గృహస్థునకు రాదు. దుబాయి నగరమున కాపురము పెట్టిన తెలుగు సంసారికి మొట్టమొదట కొరవడునది ఈ ముంగిలియే. కరామాలోనో, బర్ దుబాయిలోనో ఏ ఆరవ అంతస్తునో రెండు గదుల ఇల్లు. మే నెల మొదలు సెప్టెంబరు వరకు పిల్లలు ఏసీ హోరులోనే పెరుగుదురు. కావుననే నవంబరు వచ్చి గాలి చల్లబడగానే, చాపలు చుట్టి, కారియరు గిన్నెలు సర్ది, కుటుంబములకు కుటుంబములే ఉద్యానములకు బయలుదేరును.

ఈ పచ్చదనము ప్రకృతి యిచ్చినది కాదు. ఏడాదికి సగటున పది సెంటీమీటర్ల వానకు కూడ అది నోచుకొనని నేల. త్రాగునీటిని సముద్రజలమునుండి ఉప్పు తీసి సిద్ధపరతురు. పచ్చికకు మాత్రము నగరపు మురుగునీటినే శుద్ధిచేసి గొట్టములద్వారా పారింతురు. మన యిల్లాండ్రు బియ్యము కడిగిన నీరే తిరిగి పచ్చికయై వారి చాపక్రింద చేరుచున్న దన్నను తప్పులేదు.

1975లో సఫా పార్కు, 1994లో సముద్రపుపాయ యొడ్డున క్రీక్ పార్కు, 2005లో జబీల్ పార్కు వెలసినవి. 2016లో తెరచిన నీటికాలువ నిమిత్తము సఫా పార్కులో పెద్దభాగము పోయినది. జబీల్ పార్కులో 2018లో 150 మీటర్ల ఎత్తున ఒక బంగారు చట్రమును నిలిపినారు. దాని నెక్కుటకు టిక్కెట్టు వేరు. మనవారిలో పెక్కురు దానిని క్రిందినుండియే చూచి, పులిహోర పొట్లము విప్పుకొందురు. నా మట్టుకు నాకు ఇదియే మేలైన పద్ధతిగా తోచును.

2021 వరకు అచ్చట శుక్ర, శనివారములు సెలవులు. 2022 జనవరినుండి ప్రభుత్వ కార్యాలయములకు శని, ఆదివారములు సెలవు, శుక్రవారము ఒంటిపూట. సెలవునాటి సాయంకాలము క్రీక్ పార్కు నొకసారి చూడవలెను. ఒక చాపమీద దద్దోజనము, ప్రక్క చాపమీద మలయాళీల పుట్టు, ఆవల ఫిలిప్పీను వారి పుట్టినరోజు పాట, ఇంకను ఆవల ఒక అరబ్బు కుటుంబము కహ్వా కూజాతో. పిల్లలకు ఈ ఎల్లలు పట్టవు. బంతి ఎవరి చాపమీద పడిన వారే వారి చుట్టములు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మెట్రోరైలుకు వాడు నోల్ కార్డునే ద్వారముకడ చూపిన లోనికి పోవచ్చును. రుసుము కొలది దిర్హాములు. ఆ ద్వారము ధనికుని, పేదను ఒకే తీరున లోనికి రానిచ్చును. కాని భార్యాబిడ్డలను ఆ దేశమునకు రప్పించుకొను ద్వారము వేరు. నెలకు 4000 దిర్హాముల జీతమైనను, లేదా 3000 దిర్హాములతోపాటు వసతియైనను ఉండవలెను. 2019 వరకు ఉద్యోగి వృత్తిని కూడ చూచెడివారు. అటుపిమ్మట ఆదాయమునే ప్రమాణముగా గైకొన్నారు. మేడలు కట్టు కూలీలలో పెక్కుర జీతము ఆ గీతకు దిగువనే. వారి నివాసము ముహైస్నాలోని కార్మిక శిబిరములు. ఆ చోటికి మనవారు, హిందీవారు పెట్టుకొన్న పేరు సోనాపూర్, అనగా బంగారు ఊరు!

సెలవునాడు వారును ఉద్యానమునకు వత్తురు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఏ చెట్టు మొదటనో చేరి, ఫోనులో ఇంటివారితో మాటాడుచుందురు. కుటుంబములవారికి వారితో ఒక పని పడుచుండును: అందరును కలిసిన ఫోటో తీసిపెట్టుట. ఒకనాడు క్రీక్ పార్కులో ఒక కోనసీమ యిల్లాలు అట్లే అడిగినది.

“అన్నయ్యగారూ, ఒక్క ఫోటో తీసిపెడతారా?”

“తీస్త అక్కా. మీది ఏ ఊరు?”

“అమలాపురమండీ. మరి మీదో?”

“జగిత్యాల కాడ అక్కా.”

ఫోటో తీసి ఫోను తిరిగి యిచ్చుచు అతడు పిల్లవంక చూచి వయస్సెంత యని అడిగినాడు. నాలుగేండ్లు.

“నా బిడ్డకు గూడ గంతే. పోయినేడు ఇంటికి వోతే, నన్ను జూసి భయపడి వాళ్లమ్మ ఎన్కకు వోయింది.”

ఆమె మారుమాటాడలేదు. కాగితపు పళ్ళెములో పులిహోర పెట్టి యిచ్చినది. అతడు నిలుచుండియే తినబోగా, ఆమె భర్త చాపమీద జరిగి చోటిచ్చినాడు.

నగరపు అంచున, ఖవానీజ్ వైపు, ముష్రిఫ్ పార్కు గలదు. తక్కినవి పెంచిన తోటలు. ఇది సహజముగా మొలచిన వనము. అచ్చటి చెట్టును అరబ్బులు ‘గాఫ్’ అందురు. వేళ్ళు నేలలోనికి మిక్కిలి లోతుగా దిగి, ఎవరును నీరు పోయకయే అది బ్రదుకును. ఒంటెకు మేత, మనిషికి నీడ. 2019ను సహన సంవత్సరముగా ప్రకటించినపుడు ఎమిరేట్ల ప్రభుత్వము దీనినే చిహ్నముగా గ్రహించినది. ఈ గాఫ్ మరేమియు కాదు, మన జమ్మిచెట్టే. పాండవులు ఆయుధములు దాచిన శమీవృక్షము, తెలంగాణ రాష్ట్రవృక్షము.

దసరానాటికి అచ్చట ఎండ యింకను తగ్గదు. అయినను ఆనాడు పిల్లలను వెంటబెట్టుకొని ముష్రిఫ్‌నకు పోవు కుటుంబములను కొన్నింటిని నే నెరుగుదును. చెట్టునుండి ఆకు కోయరాదు. క్రింద రాలిన రెబ్బలనే ఏరి, పెద్దల చేతిలో పెట్టి, పిల్లలచే నమస్కారము చేయింతురు. అచ్చట ఆకు లూడ్చు తోటపనివారిలో మనవా డెవడైన నున్నచో, వానికి ఆ చెట్టు పేరు చెప్పవలసిన పనిలేదు. ఊడ్చుటకు ముందే నాలుగు రెబ్బలు ప్రక్కకు తీసి యుంచును.