బోదకాలు: వ్యాధి, సంరక్షణ

డెల్టా భూములలో పంటకాలువ ఎంత అవసరమో మురుగుకాలువ అంత అవసరం. చేనికి నీరు పారి, మిగిలిన నీరు బయటకు పోయే దారి లేకపోతే పైరు కుళ్ళిపోతుంది. మానవశరీరంలో రక్తనాళాలు పంటకాలువల వంటివి. శోషరసనాళాలు మురుగుకాలువల వంటివి. కణజాలంలో మిగిలిన ద్రవాన్ని, మాంసకృత్తులను సేకరించి తిరిగి రక్తంలో కలపడం, రోగక్రిములను గ్రంథుల వద్ద అడ్డగించడం శోషరసవ్యవస్థ చేసే పనులు. ఈ నాళాలు దెబ్బతిన్నప్పుడు ద్రవం నిలిచి అవయవం వాచిపోతుంది. క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులను తొలగించిన కొందరికి చేయి వాచడం ఇందువల్లనే. తెలుగునాట ఈ వాపునకు చిరకాలంగా పరిచితమైన రూపం బోదకాలు.

ఆయుర్వేదం ఈ వ్యాధిని శ్లీపదమని పిలిచింది. రాయివలె గట్టిపడిన పాదమని ఈ పదానికి వ్యుత్పత్తి చెబుతారు. పాతనీరు నిలిచి, ఎల్లకాలం చల్లగా ఉండే ప్రదేశాలలో ఇది అధికమని సుశ్రుతసంహిత పేర్కొనడం గమనార్హం. నిలువనీటికి, వ్యాధికి గల సంబంధాన్ని ప్రాచీనులు గుర్తించారు. కారణం మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో తెలిసింది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో సూక్ష్మమైన ఫైలేరియా క్రిములను కనుగొన్నాడు. 1877లో చైనాలోని అమోయ్ నగరంలో పాట్రిక్ మాన్సన్ ఆ క్రిములు దోమ శరీరంలో పెరుగుతాయని నిరూపించాడు.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రోగిని కుట్టినప్పుడు క్రిములు దానిలో ప్రవేశించి, కొద్దిరోజులకు మరొకరికి సంక్రమిస్తాయి. అవి శోషరసనాళాలలో దారాల వంటి పురుగులుగా ఎదిగి ఆరు నుండి ఎనిమిదేళ్ళు జీవిస్తాయి. వాటి సంతానం ముఖ్యంగా రాత్రివేళ రక్తంలో సంచరిస్తుంది. అందుకే రక్తపరీక్ష చాలాకాలంగా రాత్రిపూట జరుగుతూ వచ్చింది. బాల్యంలో సోకిన వ్యాధి ఏళ్ళు గడిచిన తరువాతగాని వాపుగా బయటపడకపోవచ్చు.

పురుగులు నాళాలను బలహీనపరుస్తాయి. నిలిచిన ద్రవం వల్ల చర్మం మందమై ముడతలు పడుతుంది. వేళ్ళసందులు నాని చిట్లుతాయి. ఆ పగుళ్ళగుండా బాక్టీరియా ప్రవేశించి చలిజ్వరం, నొప్పి, గజ్జలలో బిళ్ళలు కలిగిస్తుంది. అటువంటి జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు కొంత పెరుగుతుంది. క్రిమినాశక ఔషధం పెరిగిన కాలిని పూర్వస్థితికి తీసుకురాలేదు. కనుక పగుళ్ళను అరికట్టడమే చికిత్సలో ప్రధానాంశం.

ఇందుకు కావలసిన సామగ్రి సబ్బు, శుభ్రమైన నీరు, మెత్తని గుడ్డ. ప్రతిదినం కాలిని, ముఖ్యంగా ముడతలను, వేళ్ళసందులను మృదువుగా కడిగి తడి లేకుండా ఒత్తాలి. పగుళ్ళకు వైద్యుడు చెప్పిన లేపనం రాయాలి. కూర్చున్నప్పుడు, పడుకొన్నప్పుడు కాలిని ఎత్తుగా ఉంచాలి. మడమను పైకి క్రిందికి కదిలించే వ్యాయామం చేయాలి. వదులైన పాదరక్షలు ధరించాలి. జ్వరం వచ్చినప్పుడు వ్యాయామం మాని, విశ్రాంతి తీసుకొని, తడిగుడ్డ వేసి, వైద్యుని సంప్రదించాలి. వేడి కాపడం, బ్లేడుతో గాట్లు పెట్టడం హానికరం.

కాలివాపులన్నీ బోదకాలు కావు. కాళ్ళలోని సిరలలో రక్తాన్ని పైకి మాత్రమే పోనిచ్చే కవాటాలు ఉంటాయి. అవి బలహీనపడితే రక్తం క్రిందికి జారి సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. దీర్ఘకాలం నిలబడి పనిచేసేవారిలో, గర్భవతులలో ఇది అధికం. సాయంత్రానికి పెరిగిన వాపు ప్రారంభదశలో రాత్రి విశ్రాంతితో తగ్గుతుంది. నిర్లక్ష్యం చేస్తే చీలమండ పైభాగంలో మానని పుండ్లు ఏర్పడతాయి. ఒత్తిడి మేజోళ్ళు మేలుచేస్తాయి. అయితే ధమనులలో రక్తప్రసరణ సరిగా ఉన్నదని వైద్యుడు నిర్ధారించిన తరువాతనే వాటిని ధరించాలి.

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైంది. 2004 నుండి వ్యాధి ప్రబలిన జిల్లాలలో ప్రజలందరికీ ఏటా డీఇసీ మాత్రలు పంపిణీ చేశారు. తరువాత ఆల్బెండజోల్, కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ తోడయ్యాయి. గర్భవతులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్రరోగులకు ఇవి ఇవ్వరు. రోగం లేనివారికి మందెందుకని కొందరు మాత్రలను పారవేస్తారు. ఆరోగ్యంగా కనిపించేవారి రక్తంలోను క్రిములు ఉండవచ్చు. వారి నుండే దోమ వ్యాధిని మోసుకొనిపోతుంది. 2027 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని భారతప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకొంది.

బోదకాలు వంశపారంపర్యం కాదు, పాపఫలం కాదు. రోగిని తాకితే అంటుకోదు. అయినా ఆ కాలు గల తల్లి పెళ్ళిపందిరిలో వెనుకవరుసలో కూర్చుంటుంది. ఆ యింటి పిల్లకు సంబంధాలు తప్పిపోతాయి. వాపు దేహాన్ని కుంగదీస్తే ఈ చిన్నచూపు మనసును కుంగదీస్తుంది. వంగి తన పాదాన్ని తాను కడుగుకోలేని వృద్ధురాలికి ఇంటివారు రోజూ పావుగంట వెచ్చించి కాలు కడిగితే ఆమె జ్వరాలు తగ్గుతాయి, నడక నిలుస్తుంది. ఆ స్పర్శతో ఆమె కోల్పోయిన గౌరవం కూడా కొంత తిరిగివస్తుంది.