అక్క పెట్టిన సంతకం

మా నాన్నగారు 1997లో పోయారు. అమ్మ అంతకు నాలుగేళ్ళ ముందే వెళ్ళిపోయింది. సంవత్సరీకాలు కాగానే ఊరి పెద్దలు, "పహణిలో నీ పేరు ఎక్కించుకోవాలి, ముందు అక్క చేత హక్కు విడుదల పత్రం రాయించుకో" అన్నారు. మాది కోలారు జిల్లా. అక్కను 1984లో హోసూరుకు ఇచ్చాం. కబురు అందగానే బస్సెక్కి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పత్రం రాసినాయన గబగబా ఏదో చదివాడు. అక్క చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. హోటల్లో భోజనం చేశాం. పట్టుచీర, పసుపు కుంకుమ ఇచ్చి సాయంత్రం బస్సెక్కించాను. బాధ్యత తీరిందనుకున్నాను.

2020 ఆగస్టులో ఆడపిల్లల ఆస్తి హక్కు మీద సుప్రీంకోర్టు తీర్పు పేపర్లో వచ్చినప్పుడు అక్కకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని ఒక్క మాట అడిగింది: "అది సరేరా, ఆ రోజు నేను దేనిమీద సంతకం పెట్టానో నీకైనా తెలుసా?"

తెలియదు. ఆ తర్వాత వకీళ్ళను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళలో ఇటువంటి సంతకం పెట్టని ఆడపడుచు అరుదు కాబట్టి ఇది అందరికీ పనికివస్తుందని నా నమ్మకం.

మన వైపు హిందూ కుటుంబాల ఆస్తి పంపకాలకు ఆధారం మితాక్షర. చాళుక్యుల కాలంలో కన్నడ దేశంలోని కల్యాణంలో విజ్ఞానేశ్వరుడు దాన్ని రాస్తే, 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. దాని ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. కూతురికి ఆ హక్కు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఈ పద్ధతిని కొంత సడలించింది గాని తీసివేయలేదు.

లెక్క వేసి చూస్తే తేలికగా అర్థమవుతుంది. ఉమ్మడి భూమి 12 ఎకరాలు ఉందనుకుందాం. తల్లి లేదు. తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 చట్టం ప్రకారం ముందు తండ్రీకొడుకులకు చెరి 6 ఎకరాలు వేస్తారు. తరువాత తండ్రి వాటా 6 ఎకరాలను కొడుకు, కూతురు సమానంగా పంచుకుంటారు. చివరికి కొడుక్కి 9, కూతురికి 3. అంటే అప్పుడు కూడా అక్కకు నాలుగో వంతు ఉంది. అది ఉండబట్టే నాకు ఆమె సంతకం కావలసివచ్చింది!

ఈ తేడాను తొలగించడానికి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ముందుకు వచ్చాయి. కేరళ 1976లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది. కూతురికి కొడుకుతో పాటు పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1986లో చేసిన ఆ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ దారిలో తమిళనాడు 1989 మార్చి 25 నుంచి, మహారాష్ట్ర 1994 జూన్ 22 నుంచి, కర్ణాటక 1994 జూలై 30 నుంచి ఇచ్చాయి. ఒడిశాలో ఇటువంటి ప్రత్యేక చట్టం రాలేదు. అయితే ఈ నాలుగు రాష్ట్రాల చట్టాల్లోనూ ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి ఈ హక్కు వర్తించదు. అక్క పెళ్ళి 1984లో అయింది గనుక ఆమెకు ఆ తలుపు మూసుకుపోయింది.

2005లో పార్లమెంటు కేంద్ర చట్టాన్నే సవరించింది. సెప్టెంబరు 9 నుంచి కూతురు, పెళ్ళయినా కాకపోయినా, కొడుకుతో సమానమైన భాగస్వామి. హక్కులే కాదు, బాధ్యతలు కూడా సమానమే. పై లెక్క మళ్ళీ వేస్తే తండ్రికి, కొడుక్కి, కూతురికి తలా 4 ఎకరాలు. తండ్రి నాలుగు ఎకరాలు ఇద్దరికీ సగం సగం. ఇద్దరికీ ఆరేసి. మగ వారసులు కాపురముంటున్న ఇంటిలో వారు ముందు పంచుకుంటే తప్ప కూతురు పంపకం అడగరాదన్న పాత నిబంధనను కూడా ఎత్తివేశారు.

చట్టం వచ్చినా తగవు తీరలేదు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా, అక్కరలేదా? కర్ణాటక నుంచి వెళ్ళిన ఒక కేసులో 2015లో సుప్రీంకోర్టు ఉండాలన్నది. మళ్ళీ కర్ణాటక నుంచే వెళ్ళిన మరో కేసులో, తండ్రి 2001లోనే చనిపోయినా, 2018లో కూతుళ్ళకు వాటా ఇచ్చింది. రెండూ ఇద్దరేసి న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పులే. కింది కోర్టులు దేన్ని పాటించాలి? చివరకు ముగ్గురు న్యాయమూర్తులు అరుణ్ మిశ్రా, అబ్దుల్ నజీర్, ఎం.ఆర్. షా 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చారు. కూతురి హక్కు పుట్టుకతో వచ్చినది, కాబట్టి తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలన్న నియమం లేదు.

"నోటిమాటతో ఎప్పుడో పంచుకున్నాం" అనే వాదనను కూడా కోర్టు మామూలుగా ఒప్పుకోనన్నది. ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారాలు ఉన్న అరుదైన సందర్భాలకే దానికి చోటు. కాని 2004 డిసెంబరు 20కి ముందు జరిగిపోయిన అమ్మకాలను, రిజిస్టరైన పంపకాలను, కోర్టు డిక్రీలను ఎవరూ తిరగదోడలేరు.

ఒక పొరపాటు అభిప్రాయం కూడా ఉంది. ఈ హక్కు ఉమ్మడి ఆస్తికే. తండ్రి స్వార్జితాన్ని ఆయన తన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాయవచ్చు. రాయకుండా పోతే కొడుకులు, కూతుళ్ళు, భార్య, ఆయన తల్లి ఉంటే ఆమె, అందరికీ సమానం. తాత నుంచి వచ్చిందల్లా ఉమ్మడి ఆస్తి కూడా కాదు. తాత 1956 చట్టం తరువాత పోతే, ఆయన సొంత ఆస్తిలో తండ్రికి వారసత్వంగా వచ్చిన వాటా సాధారణంగా తండ్రి సొంతమే. అందుకే దస్తావేజులన్నీ వకీలుకు చూపించకుండా లెక్కలు వేసుకోకూడదు.

ఇన్ని తీర్పులు వచ్చినా, ఒక్క హక్కు విడుదల పత్రంతో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. చెల్లెలు తెలిసి, ఇష్టపడి వదులుకుంటే అది ఆమె పెద్ద మనసు. తెలియక వదులుకుంటే ఆ తప్పు మనది. కర్ణాటకలో పుట్టి తమిళనాడుకో, మహారాష్ట్రకో కాపురానికి వెళ్ళిన మన ఆడపిల్లలకు పుట్టింటి పత్రాల భాష చదవడం రాకపోవచ్చు. సంతకానికి పిలిచే ముందు ఆస్తి ఎంత, ఆమె వాటా ఎంత, దేన్ని వదులుకుంటున్నదీ తెలుగులో కూర్చోబెట్టి చెప్పండి. పత్రం నకలు ఒకటి ఆమె చేతికివ్వండి. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు ఇవ్వండి. పుట్టింటికి రాకపోకలు పోతాయేమోనన్న భయంతో పెట్టే సంతకాన్ని ఇష్టంతో పెట్టినదని మనం సరిపెట్టుకోకూడదు.

కట్నం ఇచ్చాం కదా అంటారు కొందరు. ఆ మాట నేనూ అన్నాను. కట్నం ఇవ్వడం 1961 నుంచీ నేరమేనని వకీలు చెప్పేసరికి నోరు మూసుకున్నాను.

అక్క పత్రం రిజిస్టరైంది 1998లో. 2020 తీర్పు దాన్ని కదిలించదు. అయితే నేను ఇవ్వదలచుకుంటే ఏ చట్టమూ అడ్డురాదు. మొన్న సంక్రాంతికి హోసూరు వెళ్ళి, చెరువు కింది మడి ఆమె పేర రాస్తానన్నాను. "ఈసారి నేను చదివాకే చెబుతాను" అన్నది అక్క. పత్రం ఆమె దగ్గరే ఉంది.