గేటు దాటిన బుగ్గి

సంక్రాంతికి ముందు నెల రోజులు పొద్దున్నే విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు వచ్చేవాళ్లకు చుట్టుపక్కల కొండలు సరిగా ఆనవు. మంచు పడిందంటారు. మంచైతే గడ్డి తడుస్తుంది, ఎండెక్కగానే విడిపోతుంది. ఇక్కడ చాలా రోజులు పది గంటలైనా ఆ తెర పలచబడదు. గనుల పక్క ఊళ్లలో అరుగు మీద వేలు పెట్టి రాస్తే నల్లటి బుగ్గి అంటుతుంది. తేమకు దుమ్మూ పొగా తోడైతేనే అలా ఉంటుంది. ఈ కష్టం నిన్న మొన్నటిది కాదు, నూట ముప్పై ఏళ్లు దాటిన కష్టం.

దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ నేలలోనే. 1892లో విజయనగరం మైనింగ్ కంపెనీ ఇక్కడ గనులు తెరిచింది. కోడూరు, గర్భాం, దేవాడ, పేరాపి పేర్లు చెబితే ఈ వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మాంగనీసే. భూగర్భ శాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మర్ ఇక్కడి శిలకు కోడూరు పేరు మీదే ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. అలా ఒక చిన్న ఊరు ప్రపంచ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ రాయిని పగలగొట్టినవాళ్ల ఊపిరి గురించి మాత్రం అంత శ్రద్ధగా రాసినవాళ్లు తక్కువ. ఖనిజాన్ని సుత్తితో కొట్టి, చేత్తో ఏరి, రకాలుగా విడదీసే పని తరాలుగా ఎక్కువగా ఆడవాళ్లదే. ముక్కుకు పైట చెంగు అడ్డం పెట్టుకోవడమే వాళ్లకున్న రక్షణ.

ఖనిజం తీసుకుపోయాక మిగిలేది మట్టి. కొంచెం ఖనిజం కోసం దానికి ఎన్నో రెట్లు మట్టీ రాయీ పైకి తీసి గుట్టగా పోస్తారు. గని మూతబడ్డా ఆ గుట్ట అక్కడే ఉంటుంది. వానాకాలంలో కరిగి చెరువుల్లోకి, పొలాల్లోకి దిగుతుంది. ఎండితే గాలిలోకి లేస్తుంది. ఇక్కడి రాళ్లలో క్వార్ట్జ్ కూడా ఉంటుంది కాబట్టి రాయి పగిలిన ప్రతిచోటా సిలికా ధూళి పుడుతుంది. క్వారీలో, క్రషర్ దగ్గర ఏళ్ల తరబడి పీల్చినవాడికి ఊపిరితిత్తులు గట్టిపడిపోతే వాటిని మళ్లీ మామూలుగా చేసే మందు లేదు.

1950లలో గరివిడిలో ఫేకర్ ఫ్యాక్టరీ వచ్చాక ఖనిజాన్ని కరిగించే పని కూడా ఇక్కడే మొదలైంది. జిల్లాలో ఇంకా చాలా ఫెర్రో మిశ్రమ లోహాల ఫ్యాక్టరీలు దాని వెనకే వచ్చాయి. ఉక్కు తయారీకి మాంగనీసు తప్పనిసరి కాబట్టి గిరాకీ ఎప్పుడూ ఉండేదే. ఫర్నేసులో ఖనిజం, కోకు కలిపి కరెంటుతో కరిగిస్తారు. టన్ను సిలికో మాంగనీసు మిశ్రమ లోహానికి దాదాపు 4,000 యూనిట్ల కరెంటు కావాలి. ఆ వేడికి మాంగనీసు కొంత ఆవిరై, పైకి రాగానే చల్లబడి మైక్రాను కంటే చిన్న రేణువులవుతుంది. రోడ్డు మీద లారీ లేపిన దుమ్ము కాసేపటికి నేలకు దిగుతుంది. ఈ రేణువు రోజుల తరబడి గాలిలో తేలుతుంది, పీలిస్తే ఊపిరితిత్తుల చివరిదాకా వెళుతుంది. బ్యాగ్ ఫిల్టర్లు ఉన్నది దాన్ని పట్టడానికే. అవి ఎంత బాగా, ఎన్ని గంటలు పనిచేస్తున్నాయన్న దాని మీదే పక్క ఊరి గాలి ఆధారపడి ఉంటుంది.

చలికాలంలోనే ఎందుకింత అంటే, రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర వెచ్చగా అవుతుంది. ఆ వెచ్చటి పొర మూతలా కూర్చుని పొగను పైకి పోనివ్వదు. వేసవిలో ఆకాశంలో కలిసిపోయే పొగే పుష్యంలో ఇంటి చూరు దగ్గర తచ్చాడుతుంది. అదే కాలంలో యంత్రం కోసిన వరిచేలలో మిగిలిన మోళ్లకు, చెరకు ఆకుకు నిప్పు పెడతారు. ఆ తర్వాత మొక్కజొన్న దంట్ల వంతు. ఇటుక బట్టీలు, కట్టెల పొయ్యిలు, గతుకుల రోడ్డు మీద లారీలు సరేసరి. గంగా మైదానం నుంచి బంగాళాఖాతం మీదికి జారే పొగ తెర కూడా ఈ తీరాన్ని తాకుతుంది. 1999లో హిందూ మహాసముద్రం మీద పెద్ద అంతర్జాతీయ పరిశోధన జరిపి శాస్త్రవేత్తలు కొలిచింది ఇలా ఉపఖండం నుంచి కదిలే తెరనే. అందుకే తప్పంతా ఫ్యాక్టరీలదే అనను. కానీ రైతు పెట్టిన మంట వారంలో ఆరిపోతుంది, ఫర్నేసు ఏడాది పొడుగునా మండుతుంది.

మాంగనీసు విషమవుతుందని తెలిసి చాలా కాలమైంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మాంగనీసు పొడి పట్టే కార్మికులకు నడక తడబడటం, మాట సన్నగిల్లటం చూసి వైద్యుడు కూపర్ 1837లోనే రాశాడు. మన ఫ్యాక్టరీల చట్టం కూడా మాంగనీసు విషాన్ని వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చింది. గేటు లోపల అది జబ్బని చట్టమే ఒప్పుకుంది. గేటు బయటికి వస్తే? దేశంలో గాలి నాణ్యతకు 2009లో పెట్టిన ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యాలున్నాయి. సీసం ఉంది, నికెల్ ఉంది, ఆర్సెనిక్ ఉంది. మాంగనీసు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం 2000లో ఇచ్చిన మార్గదర్శకంలో ఘనపు మీటరు గాలికి ఏడాది సగటు 0.15 మైక్రోగ్రాములు మించకూడదంది. చీపురుపల్లిలో పీఎం 10 (గాలిలోని సన్నటి ధూళి) హద్దులోనే ఉందని రేపు ఎవరైనా కాగితం చూపించినా, ఆ ధూళిలో మాంగనీసు ఎంతో ఆ కాగితం చెప్పదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల పట్టికతో నడుస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం ఆ పట్టికలో ఉన్నాయి. చీపురుపల్లి నగరం కాదు కాబట్టి లేదు. గనులు, ఫర్నేసులు ఉన్నవేమో పల్లెల మధ్య. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మారియెట్టా చిన్న ఊరే. అక్కడి ఫెర్రో మాంగనీసు ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న పిల్లల రక్తం, వెంట్రుకలు పరీక్షించి, వాళ్ల తెలివితేటల మీద మాంగనీసు ప్రభావం ఎలా ఉందో పరిశోధకులు చూశారు. ఇటలీలో వాల్ కమోనికా లోయలో మూతబడ్డ ఫెర్రో ఫ్యాక్టరీల దగ్గర ఇలాంటి పనే చేశారు. గరివిడి బడిపిల్లలకు ఆపాటి శ్రద్ధ దక్కకపోవడానికి నాకైతే న్యాయమైన కారణం కనిపించదు.

కరెంటు చార్జీలు మోయలేక ఫర్నేసులు ఆగినప్పుడు ఇక్కడి ఇళ్లలో ఏమవుతుందో అందరికీ తెలుసు. విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో మూట కట్టాల్సిందే. ఆ భయంతోనే చాలామంది గాలి మాట ఎత్తరు. ఎత్తితే పని పోతుందని కాదు, ఎత్తినవాడి మీద పని పోగొట్టాడన్న నింద పడుతుందని. పని కావాలా గాలి కావాలా అని ఊరిని అడగడమే అన్యాయం.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనీ కాదు. పీఎం 10 కొలిచాక మిగిలే వడపోత కాగితాన్నే ల్యాబులో కరిగించి మాంగనీసు ఎంతో తేల్చవచ్చు. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం అనుమతి పొందిన ప్రతి ఫ్యాక్టరీ ఏటా సెప్టెంబరు 30లోగా పర్యావరణ నివేదికను కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. పాత గుట్టల మీద మట్టి కప్పి చెట్లు పెంచడం, ఖనిజం లారీలకు టార్పాలిన్ బిగించడం, గని రోడ్డు తడపడం కొత్త విద్యలేమీ కావు. ముందు ఆ నివేదికలోని అంకెలను, మాంగనీసు లెక్కతో సహా, తెలుగులో రాసి గరివిడి, చీపురుపల్లి పంచాయతీ ఆఫీసుల గోడలకు అంటించాలి. అడగాల్సిన ప్రశ్నలు జనం వాటిని చదివాక అడుగుతారు.