పేరు ఒకటే, ప్రోగ్రాము వేరు!

మీరు రావులపాలెం బస్టాండులో నిలబడి, వెంట ఉన్న కుర్రవాణ్ణి “పూతరేకులు పట్టుకురా” అన్నారనుకోండి. ఎదురుగా ఏ బల్ల మీద ఆ పేరు కనబడితే అక్కడే కొంటాడా, ఆత్రేయపురం దాకా వెళ్లి తెస్తాడా? మీరు ముందుగా చెప్పి ఉంచిన వరుసను బట్టి ఉంటుంది. కంప్యూటరు కూడా ఇలాంటి కుర్రవాడే. పేరు చూస్తుంది, రుచి చూడదు.

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పుట్టింది. అందులో ఫైళ్ల జాబితా కావాలంటే ‘ఎల్‌ఎస్’ అని రెండక్షరాలు టైపు చేస్తే చాలు. నిజానికి అదొక చిన్న ప్రోగ్రాము. ఏదో ఒక డైరెక్టరీలో ఉంటుంది. ఏ డైరెక్టరీలో ముందు వెదకాలో, ఏది తరువాతో చెప్పే పట్టికను ‘పాత్’ అంటారు. ఆ పేరు మొదట ఎక్కడ దొరికితే అక్కడితో వెదకడం ఆగిపోతుంది.

1979లో వెలువడిన ఏడవ కూర్పులో, ఎవరూ మార్చకపోతే, ఆ వరుస ఇలా ఉండేది: ముందు మీరున్న డైరెక్టరీ, ఆ తరువాతే వ్యవస్థ తాలూకు డైరెక్టరీలు. సొంత ప్రోగ్రాములు రాసుకునేవారికి సుఖమే. మరి ఒకే యంత్రాన్ని పదిమంది వాడే చోట?

ఒక తుంటరి తన డైరెక్టరీలో ‘ఎల్‌ఎస్’ పేరుతోనే వేరే ప్రోగ్రాము పెట్టాడనుకుందాం. సర్వాధికారాలూ ఉన్న మాస్టారు ఆ డైరెక్టరీలోకి వెళ్లి ‘ఎల్‌ఎస్’ అని కొట్టారు. నడిచేది తుంటరి ప్రోగ్రాము, అధికారం మాస్టారిది! అందరి మార్కులూ చెరిపేయవచ్చు. ఆ పైన అసలు ఎల్‌ఎస్‌ను కూడా పిలిచి జాబితా చూపిస్తే అనుమానమైనా రాదు.

“అయితే ‘ఉన్నచోటు’ను వరుసలో చివర పెడితే సరి” అంటారేమో. తొందరలో ‘ఎస్‌ఎల్’ అని కొట్టేవారు ఎందరో! ఆ పేరుతో వల పన్నితే? ఇంకో చిక్కుంది. పట్టికలో పేర్లను కోలన్ గుర్తులు విడదీస్తాయి. రెండు కోలన్లు పక్కపక్కన పడితే మధ్యనున్న ఖాళీకి కూడా ‘ఉన్నచోటు’ అనే అర్థం!

అందుకే నేడు డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థలలో, మీరు చేర్చితే తప్ప, ‘ఉన్నచోటు’ పట్టికలోనే ఉండదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చింది కూడా లినక్స్ కుటుంబపు వ్యవస్థనే. మీ ప్రోగ్రాము నడవాలంటే పేరుకు ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టాలి. ‘ఇక్కడున్నదే కావాలి’ అని విడమరచి చెప్పడమన్నమాట. కాస్త విసుగే అయినా నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. విండోస్‌లోని కమాండ్ ప్రాంప్ట్ మాత్రం మామూలుగా నేటికీ ముందు ఉన్నచోటే వెదకుతుంది.

మీ బడిలో లినక్స్ ఉంటే, ఇంగ్లీషు అక్షరాలలో ‘ఎకో’ అని కొట్టి, కొంత ఎడమిచ్చి, డాలరు గుర్తును ఆనుకుని పెద్ద అక్షరాలలో ‘పాత్’ అని కొట్టండి. వచ్చిన వరుసలో ఒంటి చుక్క గాని, జంట కోలన్లు గాని, మొదట్లోనో చివరనో ఊరికే వేలాడే కోలన్ గాని ఉన్నాయేమో వెదకండి.