99 దగ్గరే ఆగిపోయిందా?

రాత్రి పడుకోబోయే ముందు డౌన్‌లోడ్ పెట్టారు. తెల్లారి చూస్తే 99.2 శాతం. అయిపోవచ్చిందిలే అనుకుని కాఫీ తాగొచ్చి చూసినా 99.2. సాయంత్రానికీ అంతే! ఇక ఇంట్లో తలా ఒక తీర్పు. 'నెట్ బాగాలేదు' అంటారు నాన్న. 'కంప్యూటర్ పాతబడింది, కొత్తది కొనాల్సిందే' అంటాడు అబ్బాయి. 'ముందా పాడు సాఫ్ట్‌వేర్ తీసేయండి' అంటుంది అమ్మ. ముగ్గురి మాటా తప్పే కావచ్చు. ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్లు మొండికేయడానికి ఉండే కారణాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటిని వరసగా చూసుకుంటూ పోతే చాలాసార్లు మెకానిక్‌తో పనే ఉండదు.

వనభోజనాల లెక్క

మామూలు వెబ్‌సైట్ నుంచి ఫైలు దించుకోవడమంటే హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకోవడం. వంట అంతా ఒక్కచోటే. ఫైల్ షేరింగ్ అలా కాదు, కార్తీక వనభోజనాల్లాంటిది. ఒకరు పులిహోర తెస్తారు, ఇంకొకరు కూర, మరొకరు పెరుగు. అందరూ వస్తేనే విస్తరి నిండేది.

1999లో నాప్‌స్టర్‌తో ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది. పాటల కంపెనీలు కోర్టుకెక్కడంతో 2001 జులైలో అది ఆగిపోయింది. ఆ తరవాత కజా, ఈమ్యూల్, లైమ్‌వైర్ లాంటివి ఏళ్లపాటు రాజ్యమేలాయి. లైమ్‌వైర్‌ను 2010 అక్టోబరులో అమెరికా కోర్టు ఆపేయించింది. 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ తయారుచేసిన బిట్‌టొరెంట్ పద్ధతి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఇందులో ఫైలును వందలు, వేల ముక్కలుగా విడగొడతారు. ప్రతి ముక్కకూ వేలిముద్రలాంటి ఒక గుర్తు ఉంటుంది. వచ్చిన ముక్క ఆ గుర్తుతో సరిపోకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది.

ఫైలు మొత్తం దగ్గరుంచుకుని అందరికీ పంచేవాళ్లను 'సీడ్' అంటారు. సీడ్‌లందరూ కంప్యూటర్ కట్టేసి వెళ్లిపోతే మిగిలినవాళ్ల దగ్గర ఉన్న ముక్కలే దిక్కు. పెరుగు తెచ్చేవాళ్లు రాకపోతే ఎంతసేపు కూర్చున్నా పెరుగన్నం రాదు కదా! 99 దగ్గర ఆగడంలో అసలు గుట్టు చాలాసార్లు ఇదే. సాఫ్ట్‌వేర్‌లో 'ఎవైలబిలిటీ' అనే అంకె చూడండి. అది ఒకటి కన్నా తక్కువ ఉంటే ఆ క్షణాన మీకు అందుబాటులో ఉన్నవాళ్లందరి ముక్కలూ కలిపినా పూర్తి ఫైలు కాదని అర్థం. అప్పుడు మీ కంప్యూటర్‌ను తిట్టి లాభం లేదు.

తప్పు ఎవరిది?

ముందు తేల్చాల్సింది తప్పు ఫైలుదా, మన ఇంటిదా అన్నది. దీనికో తేలిక పరీక్ష ఉంది. ఉబుంటు లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను వాటి తయారీదారులే టొరెంట్‌గా కూడా ఇస్తారు. వాటికి సీడ్‌లకు కొదవుండదు. అలాంటిదొకటి పెట్టి చూడండి. అది చకచకా వచ్చేస్తే మీ ఇంట్లో అంతా సవ్యంగానే ఉంది, లోపం ఆ మొదటి ఫైలుదే. అది కూడా నత్తనడక నడిస్తే ఇంట్లో వెతకాలి.

వేగం లెక్కలోనూ చాలామంది పొరబడుతుంటారు. నెట్ కంపెనీలు చెప్పేది మెగాబిట్లలో. సాఫ్ట్‌వేర్ చూపించేది సాధారణంగా మెగాబైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 40 మెగాబిట్ల కనెక్షన్‌కు సెకనుకు 5 ఎంబీ వస్తే అది పూర్తి వేగమే!

తలుపు మూసి ఉంటే...

బయటివాళ్లు మీ కంప్యూటర్‌ను పలకరించాలంటే ఒక తలుపు తెరిచి ఉండాలి. దాన్నే 'పోర్ట్' అంటారు. ఈ దారిలో మూడు గేట్లు అడ్డుపడొచ్చు.

మొదటిది విండోస్ ఫైర్‌వాల్. సాఫ్ట్‌వేర్‌ను తొలిసారి తెరిచినప్పుడు 'అనుమతించాలా?' అని అడుగుతుంది. కంగారులో 'కాన్సిల్' కొట్టేస్తే తలుపు పడిపోయినట్లే. ఫైర్‌వాల్ సెట్టింగ్స్‌లో 'అలో యాన్ యాప్'లోకి వెళ్లి టిక్ పెట్టాలి. అంతేగానీ ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేయకూడదు.

రెండోది ఇంట్లోని రూటర్. సాఫ్ట్‌వేర్‌లోనూ రూటర్‌లోనూ 'యూపీఎన్‌పీ' ఆన్‌లో ఉంటే పోర్ట్ దానంతటదే తెరుచుకుంటుంది. లేదంటే రూటర్ సెట్టింగ్స్‌లో 'పోర్ట్ ఫార్వర్డింగ్' చేసుకోవాలి.

మూడోది నెట్ కంపెనీ గేటు. ఇంటర్నెట్ చిరునామాల కొరత వల్ల ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తుంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉన్నట్లన్నమాట. పోస్ట్‌మ్యాన్ మీ ఫ్లాట్ ఎలా కనుక్కుంటాడు? రూటర్ పేజీలో కనిపించే బయటి చిరునామానూ, 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికితే వచ్చే చిరునామానూ పోల్చండి. రెండూ వేరైతే చాలావరకు సంగతి ఇదే. నెట్ కంపెనీని విడిగా చిరునామా అడగాలి. లేదంటే సర్దుకుపోవాలి. తలుపు మూసి ఉన్నా మనం వెళ్లి ఇతరులను పలకరించొచ్చు కాబట్టి డౌన్‌లోడ్ పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుందంతే.

ఇంట్లో నెట్ అంతా స్తంభిస్తే...

డౌన్‌లోడ్ మొదలవ్వగానే ఇంట్లో ఎవరి ఫోన్‌లోనూ ఏదీ తెరుచుకోవడం లేదా? చాలాసార్లు దోషం డౌన్‌లోడ్‌ది కాదు, అప్‌లోడ్‌ది. మనకొచ్చే ప్రతి డేటాకూ 'అందింది' అని మన కంప్యూటర్ కబురు పంపుతూ ఉండాలి. అప్‌లోడ్ దారి నిండిపోతే ఆ కబుర్లూ ఇరుక్కుపోతాయి. మీ అప్‌లోడ్ వేగంలో 80 శాతం దగ్గర పరిమితి పెట్టి చూడండి. పాత రూటర్లు ఒకేసారి వందలాది కనెక్షన్లను మోయలేవు. గరిష్ఠ కనెక్షన్లను 100కు తగ్గిస్తే అవీ ఊపిరి పీల్చుకుంటాయి.

వెతకని చోట్లు

కంప్యూటర్ నిద్రపోతోందేమో చూశారా? రాత్రంతా పెట్టినా ముందుకు సాగలేదంటే 'స్లీప్' సెట్టింగే కారణం కావచ్చు. పెద్ద ఫైలు సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగి తప్పు చూపిస్తోందా? మీరు పాత పద్ధతి 'ఫ్యాట్32'లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి దించుతున్నారన్నమాట. అందులో 4 జీబీని మించిన ఫైలు పట్టదు. డ్రైవ్‌ను 'ఎక్స్‌ఫ్యాట్' లేదా 'ఎన్‌టీఎఫ్ఎస్'లోకి మార్చాలి. మార్చేటప్పుడు ఫార్మాట్ చేస్తే అందులోవి చెరిగిపోతాయి కాబట్టి ముందే వేరేచోట దాచుకోవాలి.

కరెంటు పోయి వచ్చాక ఫైలు తప్పులు చూపిస్తుంటే 'ఫోర్స్ రీచెక్' నొక్కండి. సాఫ్ట్‌వేర్ ముక్కలన్నీ మళ్లీ సరిచూసుకుని చెడినవి మాత్రమే తెచ్చుకుంటుంది. ఎన్నిసార్లు తెచ్చినా, ఏ ఫైలు పెట్టినా ముక్కలు చెడుతూనే ఉంటే హార్డ్‌డిస్క్‌నో, మెమరీ చిప్‌నో అనుమానించాలి. విండోస్‌లోనే ఉండే 'మెమరీ డయాగ్నస్టిక్'తో చిప్ సంగతి చూడొచ్చు.

ఇంటి గుట్టు రచ్చకెక్కకుండా...

వేగం ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఈ విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో మనం చూపించిన ఫోల్డర్ మొత్తం లోకానికి తెరుచుకుంటుంది. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2002లో కజాపై ఒక పరీక్ష పెట్టారు. కంప్యూటర్‌లోంచి ఏవేం బయటికి వెళ్తున్నాయో చెప్పమని 12 మందిని అడిగితే, హార్డ్‌డిస్క్ మొత్తం వెళ్తోందని సరిగా చెప్పినవాళ్లు ఇద్దరే! మీ ఇంటి కంప్యూటర్‌లో పిల్లల ఫొటోలు, బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు ఉంటాయి. అందుకే పంచుకునే ఫోల్డర్‌ను విడిగా పెట్టుకోవాలి. 'డాక్యుమెంట్స్'నో, మొత్తం డ్రైవ్‌నో ఎప్పుడూ చూపించకూడదు.

సినిమా అనుకుని దించిన ఫైలు పేరు చివర 'డాట్ ఈఎక్స్‌ఈ' అని ఉంటే తెరవకుండా తీసేయండి. అది సినిమా కాదు, ప్రోగ్రాము. విండోస్ మామూలుగా ఈ తోకపేరును దాచేస్తుంది కాబట్టి ఫోల్డర్ సెట్టింగ్స్‌లో కనిపించేలా పెట్టుకోవాలి. 'యాంటీవైరస్ ఆపేస్తేనే పనిచేస్తుంది' అనే సాఫ్ట్‌వేర్ జోలికే పోవద్దు.

ఇంకో సంగతి. టొరెంట్‌లో తీసుకునేవాళ్లు అదే సమయంలో ఇచ్చేవాళ్లు కూడా. అంటే అనుమతి లేని సినిమాను దించుకుంటుంటే మీరు దాన్ని ఇతరులకు పంచుతున్నట్లే. 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే లీకై చేతులు మారిన ఉదంతం తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు ఏం దించుతున్నారో పెద్దలు ఓ కంట కనిపెట్టాల్సింది ఇందుకే.

పెళ్లి వీడియో విదేశాల్లో ఉన్న అమ్మాయికి పంపడానికో, ఫోన్‌లోని ఫొటోలు కంప్యూటర్‌లోకి తేవడానికో అయితే ఇంత హడావుడి అక్కర్లేదు. దూరాన ఉన్న సొంతవాళ్ల కంప్యూటర్‌తో ఫోల్డర్లు పంచుకోవడానికి 'సింక్‌థింగ్', ఒకే వైఫైలో ఉన్న ఫోన్లు, కంప్యూటర్ల మధ్య 'లోకల్‌సెండ్' ఉన్నాయి. రెండూ ఉచితమే. మీరు అనుమతించిన పరికరాలకే ఫైళ్లు వెళ్తాయి, ఊరందరికీ కాదు.

ఈ వరసలో చూడండి

* ఎవైలబిలిటీ ఒకటి కన్నా తక్కువ ఉందా?
* సీడ్‌లు బాగా ఉన్న వేరే ఫైలు వస్తోందా?
* కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తోందా? డిస్క్‌లో ఖాళీ ఉందా?
* వైఫై బదులు కేబుల్‌తో కలిపితే తేడా ఉందా?
* ఫైర్‌వాల్ అనుమతి ఉందా? పోర్ట్ తెరిచి ఉందా?
* అప్‌లోడ్‌కు పరిమితి పెట్టారా?
* ఏదీ ఫలించకపోతే సాఫ్ట్‌వేర్ తీసేసి, తయారీదారు సొంత సైట్ నుంచే కొత్తది వేసుకోండి.

ఒకసారి ఒకటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే పని జరిగినా దేనివల్ల జరిగిందో తెలియదు, మళ్లీ ఆగినప్పుడు కథ మొదటికొస్తుంది!