మినమాతాకు తిరిగి వెళ్ళిన కెమెరా

1965లో జపాను దేశపు దక్షిణభాగాన, క్యూషూ ద్వీపంలో, మినమాతా పట్టణం దాపున ఉన్న ఒక బెస్తపల్లెలో టెలివిజన్ కోసం చిన్న చిత్రం తీస్తున్న బృందంపై ఒక తల్లి విరుచుకుపడినది. ఆమె బిడ్డ పుట్టుకతోనే రోగి. తన బిడ్డను చెప్పక, అడగక చిత్రిస్తున్నారని ఆమె కోపం. ఆ బృందానికి నాయకుడు ముప్పైయారేండ్ల నోరియాకి త్సుచిమోతో. ఆయన సమాధానం చెప్పలేకపోయినారు. "మినమాతా పిల్లలు బ్రతికే ఉన్నారు" అన్న ఆ చిత్రం ఎలాగో పూర్తయి ప్రసారమయినది గాని, ఆ కోపం ఆయనను వెంటాడుతూనే ఉన్నది. తరువాతి కాలంలో ఆ సంఘటనను గురించి ఆయన పలుమార్లు చెప్పుకొన్నారు. డాక్యుమెంటరీ చిత్రాల చరిత్రలో ఆయన పేరు నిలిచినది అటుపిమ్మట తీసిన చిత్రాల వలన. ఆ చిత్రాల తీరును దిద్దినది మాత్రం ఆ తల్లి కోపమే అనవచ్చును.

డాక్యుమెంటరీ అనగానే మన పెద్దలకు సినిమాహాలులో అసలు చిత్రానికి ముందు వేసిన ఫిలిమ్స్ డివిజన్ వారి చిత్రాలు జ్ఞాపకం వస్తాయి. ఆనకట్టలు, పంటలు, వరదలు, ప్రారంభోత్సవాలు. వెనుకనుండి ఒక గంభీరమైన కంఠం. యుద్ధానంతరం జపానులోను పరిస్థితి ఇంతకంటె మిక్కిలి వేరు కాదు. కంపెనీలు, ప్రభుత్వశాఖలు డబ్బిచ్చి తీయించుకొన్న చిత్రాలే అక్కడ అధికం. 1928లో గిఫు ప్రాంతంలో జన్మించి, టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో చదువుతూ, విద్యార్థి ఉద్యమంలో దిగి 1952లో అరెస్టయిన త్సుచిమోతో ఈ రంగంలో అడుగు పెట్టడానికి కారణం ఒక బడి. సుసుము హని అన్న దర్శకుడు కెమెరాను దాచక, తరగతిగదిలో పిల్లల ఎదుటనే రోజుల తరబడి ఉంచి, వారు దానిని పట్టించుకోవడం మానిన పిదప తీసిన "తరగతిగదిలో పిల్లలు" అన్న చిత్రం చూచి, ఆయన ఇవానమి చిత్రసంస్థలో చేరినారు. పిల్లలు పాఠం మరచి కిటికీవంక చూడడం, పక్కవానిని గిల్లడం ఉపాధ్యాయులకు కొత్త కాదు. తెరమీద అది కనిపించడం మాత్రం ఆనాడు వింతే.

కూలికి తీసే చిత్రంలోనైనా ఆయన తన చూపు వదులుకోలేదు. 1962లో టోక్యోలోని మికవాషిమా వద్ద జరిగిన ఘోర రైలుప్రమాదంలో 160 మంది మరణించినారు. రైలు ప్రయాణం సురక్షితమైనదని జనానికి నమ్మకం కలిగించే చిత్రం కావాలని రైల్వేవారు కోరినారు. 1963లో త్సుచిమోతో ఇచ్చిన చిత్రంలో కనిపించేది మూడు నిమిషాలు ఆలస్యమైన రైలును వేళకు చేర్చడానికి ఆవిరి ఇంజనులో చెమటోడ్చే సహాయ డ్రైవరు. సురక్షితం ఎంత సన్నని దారంమీద వ్రేలాడుతున్నదో చూచేవానికి దానంతట అదే తెలిసిపోతుంది. మరుసటి సంవత్సరం ట్రాఫిక్ భద్రత కోసమని పోలీసుశాఖకు తీసిన "రోడ్డుమీద" అన్న చిత్రం, ఒలింపిక్సు కోసం త్రవ్విపోసిన టోక్యో వీథులలో ఒక టాక్సీ డ్రైవరు పడిన యాతనను చూపినది. కోరినవారికి అది నచ్చలేదు. ఏండ్ల తరబడి మూలపడినది.

ఇక మినమాతా. అక్కడి చిస్సో కంపెనీ కర్మాగారం 1932 నుండి ఎసిటాల్డిహైడ్ తయారుచేసినది. అందుకు ఉత్ప్రేరకంగా వాడిన పాదరసంలో కొంత సేంద్రియ పాదరసంగా మారి, వ్యర్థజలంతో కలిసి మినమాతా అఖాతంలోకి పోయినది. నీటినుండి సూక్ష్మజీవులకు, వానినుండి చేపలకు, చేపలనుండి పిల్లులకు, మనుష్యులకు అది ప్రాకినది. ముందు పిల్లులు పిచ్చెత్తి గిరగిర తిరిగి చచ్చినవి. తరువాత బెస్తలకు చేతులు మొద్దుబారి, చూపు కుంచించుకుపోయి, మాట తడబడినది. 1956 మే 1న కర్మాగారపు ఆసుపత్రి వైద్యుడు హజిమె హొసోకవా ఈ వింతరోగం సంగతి అధికారులకు తెలియజేసినాడు. 1959లో ఆయనే వ్యర్థజలం కలిపిన ఆహారం పెట్టి ఒక పిల్లిలో అదే రోగాన్ని చూచినాడు. కంపెనీ ఆ ఫలితాన్ని దాచినది. ఆ ఏడు డిసెంబరులోనే "సానుభూతి సొమ్ము" పేరిట రోగులచేత ఒడంబడిక వ్రాయించుకొన్నది: కర్మాగారమే కారణమని ముందుముందు తేలినా ఇంతకుమించి అడగరాదని అందులో ఒక షరతు. పేదరికం ఎటువంటి కాగితంమీదనైనా సంతకం చేయిస్తుంది. తల్లి తిన్న చేపలోని విషం మావిని దాటి గర్భస్థశిశువును పట్టినదని 1962లో గాని వైద్యులు అంగీకరించలేదు. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకొన్నది 1968 సెప్టెంబరులో. అప్పటికి నాలుగు నెలల క్రితమే కంపెనీ ఆ తయారీని మానుకొన్నది.

ఆ తల్లి కోపానికి వెనుక ఉన్నది ఇదంతా. ఊరిలో సగం బ్రతుకు ఆ కంపెనీమీదనే. రోగమున్న ఇంటిని ఇరుగుపొరుగు వెలివేసినట్లు చూచేవారు. వచ్చిన ప్రతివాడు బొమ్మ తీసుకొని పోయేవాడే. బిడ్డ మాత్రం ఎట్లున్నది అట్లే ఉన్నది.

1969లో 29 కుటుంబాలు కంపెనీమీద దావా వేసినవి. 1970లో చిత్రం తీయవలసినదని పిలుపు వచ్చినప్పుడు త్సుచిమోతో వెంటనే ఒప్పుకోలేదు. వెళ్ళిన పిమ్మట మాత్రం నెలల తరబడి అక్కడనే ఉండి, ఆ కుటుంబాలను ఇంటింటికీ పోయి కలిసికొన్నారు. కెమెరా ఎత్తడానికి ముందు కూర్చుండి మాట్లాడడం ఆయన పద్ధతి అయినది. 1971లో వెలువడిన "మినమాతా: రోగులు, వారి లోకం" రెండుగంటల ముప్పావు చిత్రం. నిడివి ఎక్కువ అన్నమాట నిజమే. ఓపిక లేనివానికి అది కష్టం. కాని ఆ నిడివిలోనే దాని న్యాయమున్నది. ఒక వృద్ధ బెస్త మోకాటిలోతు నీటిలో, అడుగున అద్దం బిగించిన పెట్టెగుండా చూస్తూ ఆక్టోపస్‌లను పట్టే ఘట్టం ఎంతసేపైనా సాగుతుంది. పట్టిన దానిని కన్నుల నడుమ కొరికి చంపుతాడు. సముద్రం అతనికి విషం పెట్టినది; అన్నం పెట్టినదీ అదే. ఈ రెండవ సంగతి చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పిన చిత్రాలు చాలా ఉన్నవి.

చిత్రం చివరి ఘట్టం ఒసాకాలో. రోగులు, వారి పక్షాన నిలిచినవారు ఒక్కొక్క వాటా కొని, వాటాదారుల హోదాలో, తెల్లని యాత్రికవస్త్రాలు ధరించి, 1970 నవంబరులో కంపెనీ సర్వసభ్యసమావేశానికి వెళ్ళినారు. ఒక స్త్రీ మరణించిన తలిదండ్రుల పేర్లున్న చెక్కపలకలు చేతబట్టి కంపెనీ అధ్యక్షుని ఎదుట నిలిచి ఆక్రోశిస్తుంది. కెమెరా ఆ తొక్కిసలాటలో, ఆమె పక్కనే ఉన్నది. చాటున లేదు.

1973 మార్చి 20న కుమమోతో న్యాయస్థానం కంపెనీదే బాధ్యత అని తీర్పు చెప్పి, 1959 నాటి ఒడంబడిక చెల్లదన్నది. తీర్పు తరువాత టోక్యోలో కంపెనీ పెద్దలతో రోగులు ముఖాముఖి సాగించిన వాదాలు అదే ఏటి "మినమాతా తిరుగుబాటు" చిత్రమయినవి. 1974, 75 సంవత్సరాలలో రోగానికి సంబంధించిన వైద్యశాస్త్రాన్ని మూడు భాగాలుగా తీసినారు. కళాభిమానులు ఈ మూడింటిని అంతగా పట్టించుకోరు, వైద్యవిద్యార్థులు చూడదగినవి. రోగిగా గుర్తింపు పొందడమే పెద్ద పోరాటమైన చోట లక్షణాలను తెరకెక్కించడం రాజకీయమే.

1975 నాటి "షిరానుయి సముద్రం"లో ఒక ఘట్టం చూచినవారెవ్వరూ మరువలేరు. గర్భంలోనే విషం సోకిన ఒక బాలిక, ఈ రోగంపై జీవితకాలం కృషి చేసిన డాక్టరు మసజుమి హరదాతో సముద్రతీరాన కూర్చుండి మాట్లాడుతుంది. తలకు శస్త్రచికిత్స చేస్తే తనకు నయమవుతుందా అని ఆమె ప్రశ్న. కెమెరా వారి వెనుక, దూరంగా ఉంటుంది. ఆమె కన్నీరు చూడడానికి ముందుకు పోదు. పదేండ్ల క్రితం ఆ బెస్తపల్లెలో నేర్చిన పాఠం ఇక్కడ ఒప్పగించినట్లయినది.

1977లో ప్రొజెక్టరు వెంటబెట్టుకొని, రోగం పేరెత్తడానికే జంకే తీరగ్రామాలలో తన చిత్రాలు చూపుతూ తిరిగినారు. 1982లో అణువిద్యుత్తుపై తీసిన చిత్రానికి ఏండ్లుగా కత్తిరించి దాచుకొన్న పత్రికల ముక్కలే సామగ్రి. పత్రికలు కత్తిరించి నోటుపుస్తకాలలో అంటించుకొనే విద్యార్థులకు ఇది ఉత్సాహం కలిగించే సంగతి.

ఆయన 2008లో మరణించినారు. అంతకు పదునాలుగేండ్ల ముందు, అరువదియైదు దాటిన వయసులో, భార్య మోతోకోతో కలిసి మినమాతాలో ఒక సంవత్సరం కాపురముండి, చనిపోయిన రోగుల ఛాయాచిత్రాల కోసం ఇల్లిల్లు తిరిగినారు. అప్పటికి గుర్తింపు పొందిన రోగులలో వెయ్యిమందికి పైగా మరణించి ఉన్నారు. పూజాస్థానంలో ఉన్న పటాన్ని దింపి, దానికి నకలు తీయనివ్వవలసినదని ప్రార్థించడం వారి పని. కొందరు లోనికి పిలిచి గతించినవారి కథ చెప్పినారు. పిల్లల పెండ్లిండ్లకు అడ్డు వస్తుందని, లోకానికి తెలియరాదని కొందరు ఒప్పుకోలేదు. అడిగినారు, కాదన్న చోట మరలివచ్చినారు. 1996లో టోక్యోలో జరిగిన మినమాతా ప్రదర్శనలో దాదాపు 500 ముఖాలు వరుసగా నిలిచినవి. ఒప్పుకోని ఇండ్లవారి ముఖాలు వానిలో లేవు.