పప్పుడకని నీరు, పులిసే గింజ

దక్షిణ బస్తరులో, తెలుగునేలకు చేరువగా మరైగూడ ఉన్నది. ఈ బస్తరు సీమలోని గిరిజన గృహాలలో తరతరాలుగా తయారవుతున్న ధాన్యపానీయం ‘లంద’. బియ్యపుపిండిని ఆవిరిపై ఉడికించి, మొలకెత్తిన మొక్కజొన్నల పిండినీ, నీటినీ కలిపి, కుండలో కొన్ని దినాలు పులియబెడతారు. బార్లీ మొలకలతో ఇంట కాచుకొనే బీరుకు ఇది దగ్గరి చుట్టం.

రెండింటి రుచీ నీటి గుణాన్ని అనుసరించి ఉంటుంది. పప్పు ఉడకని, సబ్బు నురగరాని నీటిని కఠినజలమంటారు. అయితే అందులోని లవణాలన్నీ దోషులు కావు. కాల్షియం బీరును తేటపరచి మేలే చేస్తుంది. చిక్కంతా బైకార్బొనేటుతోనే. మొలకలలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చడానికి స్వల్ప ఆమ్లత్వం, అనగా పి.హెచ్. 5.2 నుండి 5.6 వరకు, అనుకూలం. బైకార్బొనేటు ఆ ఆమ్లత్వాన్ని విరిచివేస్తుంది. అప్పుడు చక్కెర తగ్గుతుంది. పొట్టులోని వగరు రసంలోకి దిగుతుంది.

అటువంటి నీరే గల డబ్లిన్ నగరం, నల్లగా వేయించిన బార్లీలోని ఆమ్లగుణంతో ఆ దోషాన్ని సరిదిద్దుకొన్నది. మృదుజలం గల ప్ల్జెన్‌లో 1842లో బంగారువన్నె బీరు పుట్టినది. లందలోనైతే కుండలో పుట్టే పులుపే బైకార్బొనేటును విరుస్తుంది.

ఇంట బీరు కాచుకొనేవారికి సులభోపాయం ఒకటున్నది. నీటిని మరిగించి చల్లార్చి, అడుగున చేరిన తెల్లని మడ్డిని వదలి, పై తేటను వాడుకోవాలి. కాని మరిగించినంత మాత్రాన ఫ్లోరైడు, నైట్రేటు తొలగిపోవు. త్రాగడానికి తగని నీరు పులియబెట్టడానికీ తగదు.